సీఎస్‌ఆర్ నిధి: లెక్క వేయడం నుంచి మినిట్స్ రాయడం వరకు

లాభాల్లో కొంత భాగాన్ని సమాజం కోసం ఖర్చు చేయాలని చట్టం కంపెనీలకు చెబుతుంది, దాన్నే కార్పొరేట్ సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) అంటారు. మార్చి మూడో వారం వచ్చిందంటే ఆ సొమ్ము గురించి కంపెనీ సెక్రటరీలకు ఒక తరహా ఫోన్లు మొదలవుతాయి. "నెలాఖరులోగా పద్నాలుగు లక్షలు ఖర్చయిపోవాలండీ, రశీదు వెంటనే ఇచ్చే ట్రస్టు ఏదైనా ఉంటే చెప్పండి" అని అడుగుతారు. అడిగేవారిలో చాలామంది నిజాయతీపరులే. ఏడాదంతా వ్యాపారంలో మునిగి ఉండి, చట్టం గుర్తుకొచ్చేసరికి పది రోజులే మిగిలి ఉంటాయి. ఇన్నేళ్లుగా బోర్డు సమావేశాల్లో ఒక మూల కూర్చుని మినిట్స్, అంటే చర్చల, నిర్ణయాల నమోదు, రాస్తూ వచ్చిన నాకు ఒక్క విషయం మాత్రం నమ్మకంగా తెలుసు: తొందరలో తీసుకున్న సీఎస్‌ఆర్ నిర్ణయానికి మినిట్స్‌లో రెండు వాక్యాలు ఉంటాయి, నలుగురూ అడిగి తేల్చుకున్నదానికి పేజీ ఉంటుంది. ఆ పేజీ ఎలా తయారవుతుందో చెప్పడమే ఈ వ్యాసం పని. కొత్తగా చట్టం పరిధిలోకి వచ్చిన మధ్యతరహా కంపెనీల డైరెక్టర్లను, వారి దగ్గర పనిచేసే యువ కంపెనీ సెక్రటరీలను, అకౌంటెంట్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

ముందు లెక్క

2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. క్రితం ఆర్థిక సంవత్సరంలో నికర విలువ 500 కోట్ల రూపాయలు గానీ, టర్నోవర్ 1,000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ చేరితే చాలు, ఆ కంపెనీ దీని పరిధిలోకి వస్తుంది. మధ్యతరహా కంపెనీలు దాదాపు ఎప్పుడూ మూడో కొలత దగ్గరే చిక్కుతాయి. అలా వచ్చిన కంపెనీ అంతకు ముందు మూడు ఆర్థిక సంవత్సరాల సగటు నికర లాభంలో కనీసం 2 శాతాన్ని సామాజిక కార్యక్రమాలకు ఖర్చు చేయాలి. ఇక్కడ నికర లాభమంటే 198వ సెక్షన్ ప్రకారం లెక్కకట్టినది, అంటే ఆదాయపు పన్ను తీసివేయక ముందు లాభం. లాభనష్టాల ఖాతా చివరి వరుసలో కనిపించే పన్ను పోగా మిగిలిన అంకెను పట్టుకుని లెక్క వేసి, తరువాత ఆడిటర్ చెప్పాక నాలుక కరుచుకున్న అకౌంట్స్ విభాగాలను నేను ఒకటికి రెండు చూశాను.

మూడేళ్ల లాభాలు వరుసగా 6, 7, 8 కోట్లు అనుకుందాం. సగటు 7 కోట్లు, అందులో 2 శాతం 14 లక్షలు. ఖర్చు చేయవలసిన మొత్తం 50 లక్షలు దాటనంత వరకు విడిగా సీఎస్‌ఆర్ కమిటీ వేయనవసరం లేదు, ఆ పనంతా బోర్డే చేయవచ్చు. ఈ సడలింపు 2021 జనవరి నుంచి ఉంది. కమిటీ అక్కరలేదు కదా అని చర్చ కూడా అక్కరలేదనుకోవడం మాత్రం పొరపాటు. నా అనుభవంలో కమిటీ లేని చిన్న కంపెనీల్లోనే ఈ అంశం ఎజెండాలో అట్టడుగున, భోజనాలకు లేచే ముందు వస్తుంది.

డబ్బు సంగతిలో మరో రెండు మాటలు ముందే చెప్పాలి. ఈ ఖర్చును ఆదాయపు పన్ను లెక్కలో వ్యాపార ఖర్చుగా చూపడానికి వీలు లేదు. 2023 అక్టోబరు 1 నుంచి, సీఎస్‌ఆర్ బాధ్యత కింద కొన్న వస్తువులపైనా సేవలపైనా కట్టిన జీఎస్‌టీకి ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ (కట్టిన పన్నును తిరిగి సర్దుకునే వీలు) కూడా రాదు. అందుచేత బడ్జెట్ వేసుకునేటప్పుడే పన్నుతో కలిపి వేసుకోవాలి. బడికి బెంచీలు ఇస్తామని మాట ఇచ్చి, జీఎస్‌టీ లెక్క మరిచిపోయి, చివరికి పదిహేను బెంచీలు తగ్గించుకున్న సందర్భం నాకు తెలుసు.

ఏది బాధ్యత, ఏది దానం

చట్టం ఏడో షెడ్యూలులో ఆకలి, పేదరికం, ఆరోగ్యం, తాగునీరు, విద్య, పర్యావరణం, వారసత్వ కట్టడాలు, క్రీడలు, గ్రామీణాభివృద్ధి, విపత్తు సహాయం వంటి రంగాలను పేర్కొంది. ఆ జాబితా విశాలమైనది, దానితో ఎవరికీ పెద్ద చిక్కు రాదు. చిక్కంతా దేన్ని సీఎస్‌ఆర్‌గా లెక్కించకూడదో తెలుసుకోవడంలో ఉంది. కంపెనీ మామూలు వ్యాపారంలో భాగంగా చేసే పని, తన ఉద్యోగులకు మాత్రమే మేలు చేసే పని, రాజకీయ పార్టీలకిచ్చే విరాళం, తన సరుకు ప్రచారం కోసం ఇచ్చే స్పాన్సర్‌షిప్, వేరే ఏదైనా చట్టం ప్రకారం తప్పనిసరిగా చేయవలసిన పని, ఇవేవీ లెక్కలోకి రావు. ముఖ్యమంత్రి సహాయ నిధికి ఇచ్చినది కూడా రాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను, మున్నేరు ఖమ్మాన్ని ముంచెత్తినప్పుడు మంచి మనసుతో ఇచ్చిన చెక్కులకూ ఇదే నియమం. ఆ విరాళం ఇవ్వవద్దని కాదు, దాన్ని 2 శాతం కింద చూపకూడదు. రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థకు ఇస్తే లెక్కలోకి వస్తుంది.

పై మినహాయింపుల్లో ఒకటి, అంటే ఇతర చట్టాల కింద ఉన్న బాధ్యత, నైతికంగా అన్నిటికంటే బరువైనది. పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామికవాడల వ్యర్థ జలాలు నక్కవాగులో కలిసి చుట్టుపక్కల ఊళ్ల చెరువులను, బావులను పాడుచేసిన కథ తెలంగాణలో తెలియనివారు తక్కువ. ఆ వ్యాజ్యం 1990లో సుప్రీంకోర్టుకు చేరింది. అటువంటి చోట ఒక ఫ్యాక్టరీ తన వ్యర్థాలను శుద్ధి చేసుకోవడం కాలుష్య నియంత్రణ చట్టాల కింద విధి. శుద్ధి సరిగా చేయకుండా, అదే ఊరికి నీళ్ల ట్యాంకర్లు పంపి ఫొటోలు తీయించుకుంటే చట్టం దాన్ని ఏమన్నా అననీ, ఊరు ఏమంటుందో మనకు తెలుసు. 2020 మే 7న విశాఖపట్నం ఆర్‌ఆర్ వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ అనే విష రసాయనపు ఆవిరి వెలువడి 12 మంది చనిపోయారు. ఆ వేకువన ఊరిని హెచ్చరించవలసిన సైరన్ మోగలేదని రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ తేల్చింది. ఆ సంఘటన తరువాత నేను ప్రతి కొత్త క్లయింటును అడిగే మొదటి ప్రశ్న మారింది. "ఏ ఊళ్లో ఏం చేయాలనుకుంటున్నారు?" అని అడగడం మానేసి, "మీ ఫ్యాక్టరీ సైరన్‌ను చివరిసారి ఎప్పుడు మోగించి చూశారు?" అని అడుగుతున్నాను.

రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్ ఉందనుకుందాం. దాని బోర్డు ఊళ్లో ఉచిత కంటి శిబిరం పెట్టాలని ప్రతిపాదిస్తుంది. ప్రతిపాదన మంచిదే. కానీ సెక్రటరీ ఆ కాగితం పక్కన మరో కాగితం పెట్టాలి. షెడ్డులో రొయ్యలు వలిచే ఆడవాళ్లు కాంట్రాక్టరు కింద ఉన్నారా, వారి పీఎఫ్ నిజంగా జమ అవుతోందా, చేతులకు తొడుగులు ఇస్తున్నారా, పది మంది గానీ అంతకు మించి గానీ పనిచేసే చోట లైంగిక వేధింపుల నిరోధానికి అంతర్గత కమిటీ ఉందా, సరుకు ఇచ్చిన చిన్న సంస్థలకు బిల్లులు ఎన్ని రోజులకు చెల్లిస్తున్నాం అన్నవి అందులో ఉండాలి. ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలి. ఐస్ సరఫరా చేసేవాడికి నాలుగు నెలలుగా బాకీ పెట్టి కంటి శిబిరానికి బ్యానర్ కట్టిన కంపెనీని ఆ ఐస్ ఫ్యాక్టరీ యజమాని ఏ దృష్టితో చూస్తాడో ఆలోచించడానికి గొప్ప తత్త్వశాస్త్రం అవసరం లేదు. ఈ రెండో కాగితంలోని లోపాలను సరిచేయడానికి అయ్యే ఖర్చు సీఎస్‌ఆర్ కిందికి రాదు. రాకపోవడమే సబబు.

హైదరాబాద్ చెప్పిన పాఠం

సత్యం కంప్యూటర్స్ ఉదంతాన్ని ఖాతాల మోసంగానే గుర్తుపెట్టుకుంటాం. డైరెక్టర్లకు పనికొచ్చే పాఠం మాత్రం ఆ మోసం బయటపడటానికి మూడు వారాల ముందు జరిగిన బోర్డు సమావేశంలో ఉంది. 2008 డిసెంబరు 16న సత్యం బోర్డు, ఛైర్మన్ కుటుంబానికి చెందిన మేటాస్ ప్రాపర్టీస్‌ను పూర్తిగానూ, మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతాన్నీ కలిపి సుమారు 160 కోట్ల డాలర్లకు కొనడానికి ఆమోదం తెలిపింది. సాఫ్ట్‌వేర్ కంపెనీకి స్థలాల వ్యాపారం ఎందుకన్న ప్రశ్నకు బయట ఇన్వెస్టర్లు గంటల్లోనే జవాబు చెప్పారు. న్యూయార్క్‌లో షేరు కుప్పకూలింది, నిర్ణయాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆ బోర్డులో పేరుమోసిన స్వతంత్ర డైరెక్టర్లు (యాజమాన్యంతో సంబంధం లేనివారు) ఉన్నా ఆ ఆమోదం దక్కింది. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖలో బ్యాంకుల్లో లేని 5,040 కోట్ల రూపాయలు ఉన్నట్టు చూపించామన్న మాట బయటపడింది. 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లోని ప్రత్యేక కోర్టు ఆయనతో సహా నిందితులను దోషులుగా తేల్చింది.

ఇందులో నన్ను ఇప్పటికీ కలవరపెట్టే విషయం ఒకటుంది. మన రోడ్ల మీద ఈ రోజుకీ తిరుగుతున్న 108 అంబులెన్సు సేవ 2005లో హైదరాబాద్‌లో మొదలైంది, దాన్ని మొదలుపెట్టినవారు ఆ రాజుగారే. ఆ సేవ నిజంగా మంచిది, ఎన్నో ప్రాణాలను నిలబెట్టింది. సత్యానికి 2008లో కార్పొరేట్ పాలనకు బహుమతి కూడా వచ్చింది, తరువాత దాన్ని ఉపసంహరించుకున్నారు. మంచి పని చేస్తున్న కంపెనీ కదా అని బోర్డు గదిలో ప్రశ్నను మింగేయడం ఎంత సులభమో ఇది చూపిస్తుంది. దానధర్మాలు ఒక పుస్తకం, ఖాతాలు వేరే పుస్తకం. ఒకదానిలోని జమను రెండో దానిలోకి మార్చుకోవడం కుదరదు.

కాబట్టి ఏ నిర్ణయమైనా, అది సీఎస్‌ఆర్ అయినా స్థలం కొనుగోలు అయినా, మొదట అడగవలసింది ఇందులో ఎవరికి సొంత ప్రయోజనం ఉంది అని. పబ్లిక్ కంపెనీలో సొంత ప్రయోజనం ఉన్న డైరెక్టరు ఆ సంగతి వెల్లడించి, చర్చలో పాల్గొనకుండా తప్పుకోవాలని 184వ సెక్షన్ చెబుతుంది. ప్రైవేటు కంపెనీల్లో వెల్లడించాక పాల్గొనవచ్చునన్న సడలింపు ఉంది. ఆ సడలింపును వాడుకోకపోవడమే మేలని నా అభిప్రాయం. మామగారి ట్రస్టుకు విరాళం ఇచ్చే తీర్మానం మీద అల్లుడిగారు చెయ్యెత్తడం చట్టబద్ధమే కావచ్చు, చూసేవారికి మాత్రం రుచించదు. నిర్ణయం సరైనదో కాదో తేలనప్పుడు నేను వాడే కొలబద్ద ఒకటుంది. ఫ్యాక్టరీ గేటు ఎదుట టీ కొట్టు దగ్గర షిఫ్టు దిగిన నలుగురు నిలబడి ఉండగా, ఈ నిర్ణయాన్ని కారణంతో సహా బిగ్గరగా చెప్పగలమా అని చూసుకోవడం. గొంతు తగ్గించి చెప్పవలసిన భాగం ఏదైనా ఉంటే, దాని గురించే ఇంకో అరగంట మాట్లాడాలి.

ఊరికి వెళ్లి చూడటం

చట్టం కంపెనీ పనిచేసే స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వమంటుంది. స్థానికం అనగానే చాలామందికి తోచే పని తాగునీటిని శుద్ధి చేసే ఆర్వో ప్లాంటు. నల్గొండ జిల్లాలో ఫ్లోరైడ్ పీడిత ప్రాంతంలోని ఒక ఊళ్లో, నేను సలహాదారుగా ఉన్న ఒక కంపెనీ అలాంటిది కట్టించింది. రిబ్బను కత్తిరించిన పద్నాలుగు నెలలకు మేం వెళ్లేసరికి షట్టరుకు తాళం, తాళానికి తుప్పు. పక్కింటి అరుగు మీద కూర్చున్న ముసలమ్మ మమ్మల్ని చూసి, "కరెంటు బిల్లు మేమే కట్టాలంటిరి, పంచాయతీ కట్టాలంటిరి, ఎవ్వరు కట్టలె బిడ్డా" అంది. ఫిల్టర్ల నుంచి వదిలేసే నీరు వెనక గుంటలో చేరి దోమలకు నిలయమైందని మరొకరు చూపించారు. అన్నిటికంటే ఇబ్బందిగా అనిపించింది ఆ ముసలమ్మ గుమ్మం ముందున్న మిషన్ భగీరథ (ఇంటింటికీ తాగునీరిచ్చే ప్రభుత్వ పథకం) నల్లా. మేం ప్లాంటు మంజూరు చేసిన సంవత్సరంలోనే ఆ నల్లా వచ్చింది. మా ఫైల్లో దాని ప్రస్తావనే లేదు.

ఆ తరువాత నుంచి ఏ ప్రతిపాదన వచ్చినా బోర్డుకు వెళ్లే ముందు ఎవరో ఒకరు ఊరికి వెళ్లి రావాలన్న నియమం పెట్టుకున్నాం. వెళ్లినవారు సర్పంచ్‌నే కాక, ఆ సౌకర్యాన్ని రోజూ వాడవలసిన వారిని, సాధారణంగా ఆడవాళ్లను, కలిసి మాట్లాడాలి. ఇప్పుడు ఏం వాడుతున్నారు, అది ఎందుకు చాలడం లేదు, ప్రభుత్వ పథకం ఏదైనా దారిలో ఉందా, రెండో ఏడాది నుంచి కరెంటు బిల్లు, మెంబ్రేన్ (నీటిని వడపోసే పొర) మార్పిడి, ఆపరేటరు జీతం ఎవరు భరిస్తారు అన్నవి అడిగి రాసుకోవాలి. నీటి నమూనాను పరీక్షకు పంపాలి. బడిలో మరుగుదొడ్డి కట్టిస్తే నీళ్ల కనెక్షను, శుభ్రం చేసే మనిషి లేకపోతే అది ఏ గతి పడుతుందో చెప్పనవసరం లేదు, తాళంచెవి హెడ్మాస్టరు సొరుగులో ఉంటుంది. సీఎస్‌ఆర్ సొమ్ముతో ఏర్పడిన ఆస్తి కంపెనీ పేరున ఉండకూడదన్న నియమం కూడా ఉంది. అది పంచాయతీ వంటి ప్రభుత్వ సంస్థకో, లబ్ధిదారుల స్వయం సహాయక సంఘానికో, నమోదైన ట్రస్టుకో చెందాలి. అంటే ఆస్తిని అందుకునేవారు పనికి ముందే తెలిసి ఉండాలి. మా నల్గొండ ప్లాంటులో మేం చేయనిది అదే.

సంస్థను ఎంచుకోవడం

కంపెనీ తానే చేయలేనప్పుడు అమలు సంస్థను ఆశ్రయిస్తుంది. ఆ సంస్థ ఆదాయపు పన్ను చట్టం కింద నమోదై ఉండాలి, కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ దగ్గర సీఎస్‌ఆర్-1 ఫారం దాఖలు చేసి నమోదు సంఖ్య పొంది ఉండాలి, కంపెనీ సొంతంగా పెట్టినది కాకపోతే ఆ తరహా పనుల్లో కనీసం మూడేళ్ల అనుభవం ఉండాలి. ఇవి కాగితం మీద చూసుకునేవి, ఒక పూటలో పూర్తవుతాయి.

కాగితం మీద కనబడనిది ఒకటుంది, దాన్ని దాచి లాభం లేదు. చెక్కు తీసుకుని, కొంత శాతం ఉంచుకుని, మిగతాది నగదుగా వెనక్కి ఇస్తామని చెప్పే మనుషులు మార్కెట్లో తిరుగుతుంటారు. వారు ఎప్పుడూ మార్చిలోనే వస్తారు. అది సామాజిక బాధ్యతలో లోపం అనిపించుకునే స్థాయిని దాటి నేరుగా నేరంలోకి వెళుతుంది. విడుదల చేసిన నిధులు ఆమోదించిన పనికే ఖర్చయ్యాయని సంతకం చేయవలసింది కంపెనీ ప్రధాన ఆర్థిక అధికారి. ఆ సంతకం చేసే వ్యక్తి నెల జీతగాడు, ఇంట్లో పిల్లల చదువులున్నవాడు అన్న సంగతిని అలాంటి ప్రతిపాదన విన్న డైరెక్టర్లు గుర్తుపెట్టుకోవాలి. సొమ్మును ఒకేసారి ఇవ్వకుండా మూడు విడతలుగా, బిల్లులూ పని జరుగుతున్న చోట తీసిన ఫొటోలూ చూసి ఇవ్వడం మంచి రక్షణ. పాలనా ఖర్చులు మొత్తం సీఎస్‌ఆర్ ఖర్చులో 5 శాతం దాటకూడదన్నది కంపెనీ సొంత పాలనా ఖర్చులకు వర్తించే పరిమితి.

ఇక స్థానిక నాయకులు. జాతరకు పందిరి, ఊరి మొదట్లో ఆర్చీ, పేరు చెక్కిన బస్ షెల్టరు కావాలని కబురు వస్తుంది. వాటిని మొహం మీద కాదనడం కష్టం, ఫ్యాక్టరీ ఆ ఊళ్లోనే నడవాలి. అడిగింది ఏడో షెడ్యూలుకు తగినదైతే మామూలు ప్రతిపాదనల వరుసలో పెట్టి, అదే తనిఖీ చేయించి, అదే బోర్డు ముందుకు తేవాలి. లైసెన్సుకో, అనుమతికో ముడిపెట్టి అడిగితే మాత్రం అది లంచమే, దాన్ని ట్రస్టు ద్వారా ఇచ్చినా లంచమే. 2018 సవరణ తరువాత అవినీతి నిరోధక చట్టం ఇచ్చేవారిని కూడా శిక్షిస్తుంది. బలవంతం మీద ఇవ్వవలసి వస్తే ఏడు రోజుల్లోగా పోలీసులకో, దర్యాప్తు సంస్థకో తెలియజేయాలి. "వార్షిక ప్రణాళిక ఏప్రిల్‌లోనే బోర్డు ఆమోదించేసింది సార్, మార్చాలంటే మళ్లీ బోర్డుకు వెళ్లాలి" అన్న జవాబు చాలా సందర్భాల్లో పనిచేస్తుంది. అది అబద్ధం కాకుండా ఉండాలంటే ప్రణాళికను నిజంగా ఏప్రిల్‌లో ఆమోదించాలి.

మిగిలిపోయిన సొమ్ము, రాసిపెట్టిన మాట

మార్చిలో హడావుడి పడనక్కరలేదని చాలామందికి తెలియదు. కొనసాగుతున్న ప్రాజెక్టు సొమ్ము మిగిలితే ఆర్థిక సంవత్సరం ముగిసిన 30 రోజుల్లో ప్రత్యేక బ్యాంకు ఖాతాకు బదిలీ చేసి, తరువాతి మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఖర్చు చేయవచ్చు. అలాంటి ప్రాజెక్టు ఏదీ లేకపోతే ఆరు నెలల్లోగా ప్రధానమంత్రి సహాయ నిధి వంటి ఏడో షెడ్యూలులోని నిధికి జమ చేయాలి. ఎక్కువ ఖర్చు చేసి ఉంటే ఆ అదనాన్ని తరువాతి మూడేళ్ల బాధ్యతలో సర్దుకోవచ్చు. బదిలీ కూడా చేయకపోతే కంపెనీకి ఆ మొత్తానికి రెట్టింపు లేదా కోటి రూపాయలు, ఏది తక్కువైతే అది జరిమానా. బాధ్యుడైన అధికారికి బదిలీ చేయవలసిన మొత్తంలో పదో వంతు లేదా 2 లక్షలు, ఏది తక్కువైతే అది. చెడ్డ ట్రస్టుకు మార్చి 30న చెక్కు రాయడంకంటే మిగిలిన సొమ్మును నిజాయతీగా మిగిలిందని చూపి, బోర్డు నివేదికలో కారణం రాసి, చట్టం చెప్పిన నిధికి పంపడం వెయ్యి రెట్లు నయం.

చివరిగా ఆ పేజీ సంగతి. మినిట్స్‌లో "చర్చించి ఆమోదించారు" అన్న రెండు ముక్కలకు అలవాటుపడిన సెక్రటరీలు ఒక్కసారి ఇలా రాసి చూడండి: "నీటి ప్లాంటు ప్రతిపాదనను సభ్యులు పరిశీలించారు. ఊళ్లో ఇప్పటికే కుళాయి నీరు వస్తున్నందున ప్లాంటు అవసరమా అని ఒక డైరెక్టరు అడిగారు. నీటి పరీక్ష నివేదిక, మూడేళ్ల నిర్వహణ ఖర్చు అంచనా, ఆస్తిని స్వీకరిస్తామన్న పంచాయతీ తీర్మానం అందేవరకు నిర్ణయం వాయిదా వేశారు. ఆ ఊరు మేనేజింగ్ డైరెక్టరు స్వగ్రామమైనందున ఆయన ఈ అంశంపై చర్చలో పాల్గొనలేదు." ఇలా రాయడం మొదట్లో డైరెక్టర్లకు ఎబ్బెట్టుగా ఉంటుంది, తమ మాటలు కాగితానికి ఎక్కుతున్నాయని తెలిశాక ప్రశ్నలు పదునెక్కుతాయి. ఆ మూడు కాగితాలూ ఎవరు, ఏ తేదీలోగా తేవాలో కిందనే రాసి, తరువాతి సమావేశం ఎజెండాలో దాన్నే మొదటి అంశంగా పెట్టండి.